చవక కత్తి, సన్నని వాదర: మీ ప్రశ్నలకు మా జవాబులు

పిడిలోకి మడతపడకుండా ఒరలోనో అరలోనో ఉండే కత్తుల గురించి వచ్చిన ప్రశ్నల్ని ఈసారి ఒకచోట చేర్చాం. ‘ఇంత తక్కువ ధరకు వచ్చేది పనికొస్తుందా’ అన్న అనుమానం దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ కనిపించింది. మేం ధర కన్నా ముందు మందం చూస్తాం. ఎందుకో మొదటి జవాబులోనే ఉంది.

ప్రశ్న: ఆదివారాలు పొలానికి వెళ్తుంటాను. తాళ్లు కోయడానికి, పుల్లలు చెక్కడానికి, కాయో పండో కోసుకోవడానికి ఒక్క కత్తి చాలు. షాపులో 5 మిల్లీమీటర్ల మందం, నల్ల రంగు, వీపు మీద రంపప్పళ్లు ఉన్న కత్తి చూపించి ‘మిలిటరీ రకం, జీవితాంతం ఉంటుంది’ అన్నారు. తీసుకోవచ్చా? (సత్తుపల్లి పాఠకుడు)

వద్దండి. జీవితాంతం ఉంటుందన్నది నిజమే కావచ్చు, దాన్ని మీరు వాడరు కాబట్టి. అది కోయదు, చీలుస్తుంది. వాదర (కత్తికి తెగే అంచు) ఎంత పదునుగా ఉన్నా దాని వెనకే 5 మిల్లీమీటర్ల ఇనుము దిగాలి కదా. జామకాయలో సగానికి వచ్చేసరికి కాయ తనంతట తనే పగులుతుంది, కర్రలో అయితే కత్తి ఇరుక్కుపోతుంది. ఇక ఆ రంపప్పళ్లు. అసలు రంపానికి పళ్లు ఒకటి ఇటు, ఒకటి అటు వంగి ఉంటాయి. అందువల్ల కోత రంపం కన్నా వెడల్పుగా పడి, పొట్టు బయటికొస్తుంది. కత్తి వీపు మీద పెట్టిన గంట్లు ఆ పని చేయలేవు. పైగా చెక్కేటప్పుడు బొటనవేలు ఆనించాల్సిన చోటే ఉంటాయి.

మీరు చెప్పిన మూడు పనులకూ స్వీడన్‌లోని మోరాలో తయారయ్యే మోరా కంపానియన్ చాలు. బ్లేడు పొడవు 10 సెంటీమీటర్ల పైచిలుకు, మందం 2.5 మిల్లీమీటర్లు, జారని రబ్బరు పిడి, ప్లాస్టిక్ ఒర. అమెరికాలో 20 డాలర్ల అటూ ఇటూ ఉంటుంది. మన దగ్గర దిగుమతి ఖర్చులు కలిసి ఇంకా ఎక్కువ పడుతుంది, అయినా ఇచ్చిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఆ ప్రాంతంలో ఈ పని పాతదే. ఫ్రాస్ట్ కార్ఖానా 1891లో, ఎరిక్సన్ కార్ఖానా 1912లో మొదలయ్యాయి. తర్వాత ఆ రెండూ కలిసి ఇప్పటి కంపెనీ అయింది. అక్కడ వడ్రంగులు, కూలీలు రోజూ నడుముకు కట్టుకునే పనిముట్టు ఇది. లక్షల్లో చేస్తారు కాబట్టే చవక.

స్టెయిన్‌లెస్ రకానికి వాడే ఉక్కు పేరు 12సి27. అందులో 0.6 శాతం కార్బన్, 13.5 శాతం క్రోమియం. కార్బన్ స్టీలు రకంలో కార్బన్ 1 శాతం దగ్గర ఉంటుంది. గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో (అంకె పెరిగితే ఉక్కు గట్టిది) మొదటిది 56–58, రెండోది 58–60. మీరు చూసిన నల్ల కత్తి మీద ఉత్త ‘స్టెయిన్‌లెస్’ అన్న ముద్ర తప్ప ఉక్కు పేరు లేకపోతే, చెప్పుకోదగ్గ ఉక్కు కాదనే అనుకోండి.

కంపానియన్‌కు ఉన్న లోటు కూడా తెలిసి కొనండి. పిడిలోకి దూరే తోక సన్నగా ఉంటుంది, చివరిదాకా రాదు. దాంతో మేకులు పెకలించడం, డబ్బా మూతలు ఎత్తడం చేస్తే మొన విరుగుతుంది లేదా పిడి వదులవుతుంది. వీపు మీద కర్రతో కొట్టి పుల్లలు చీల్చాలంటే మణికట్టు లావు దాటని, ముడులు లేని ఎండు పుల్లలకే పరిమితం చేయండి. అలాంటి పని ఎక్కువుంటే అదే కంపెనీ హెవీ డ్యూటీ రకం, 3.2 మిల్లీమీటర్ల మందంతో దొరుకుతుంది. తోక చివరిదాకా ఉండే గార్బర్గ్ ధర దీనికి ఎన్నో రెట్లు, మీ పనికి అక్కర్లేదు. డబ్బు ఇంకా తగ్గించాలంటే బేసిక్ 511 (కార్బన్), బేసిక్ 546 (స్టెయిన్‌లెస్) చూడండి. వీటి పిడి సాదాగా ఉంటుంది, బ్లేడు కాస్త పొట్టి. కొబ్బరిబొండాలు మాత్రం వీటితో కొట్టకండి, ఆ పనికి మన మచ్చుకత్తి ఉండనే ఉంది.

ప్రశ్న: మీరు చెప్పే ఆ మోరా కత్తే నా దగ్గరుంది. మొద్దుబారితే వీధిలో సాన పట్టే అతనికిచ్చాను. రెండు రోజులు బాగా తెగింది, తర్వాత మునుపటికన్నా అధ్వానం. వాదర పక్కన అంగుళం మేర నీలంగా మారింది. ఇంట్లో సరిచేసుకునే దారి ఉందా? (నంద్యాల పాఠకుడు)

ఉంది, అయితే ముందు జరిగిందేమిటో తెలియాలి. నష్టం రెండు రకాలుగా జరిగింది.

మొదటిది వేడి. ఉక్కును కాల్చి ముంచి గట్టిపరిచాక మళ్లీ 200 డిగ్రీల దగ్గర వేడి చేసి పెళుసుతనం తగ్గిస్తారు. కార్బన్ ఉక్కు నీలంగా మారిందంటే వేడి 290 డిగ్రీల దాకా వెళ్లినట్టు. అక్కడ ఉక్కు మెత్తబడింది. ఎంత నూరినా ఆ ముక్క పదును నిలుపుకోదు. నీళ్లు పడకుండా తిరిగే చక్రం మీద సన్నని వాదర ఆ వేడికి చేరడానికి ఒకటి రెండు క్షణాలు చాలు. రెండోది కోణం. మోరా కత్తికి బ్లేడు వెడల్పులో సగానికి కిందనుంచి ఒకే వాలు మొదలై తిన్నగా వాదర దాకా వస్తుంది. స్కాండీ గ్రైండ్ అంటారు దీన్నే. రెండు వైపులా కలిపి 25 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. చక్రం మీద చివరన మాత్రమే నిటారుగా రాపిడి పడి, ఆ వాలు మీద ఇంకో పొట్టి వాలు తయారైంది.

కావలసినవి: చదునైన గాజు పలక, నీళ్లలో వాడే ఎమ్రీ కాగితాలు 240, 400, 800, 1500 నంబర్లలో ఒక్కొక్కటి, నల్ల మార్కర్ పెన్ను, పాత తోలు బెల్టు. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల కార్బోరండం రాయి కూడా పనికొస్తుంది, కానీ మధ్యలో గుంటపడిన పాతది వద్దు. స్కాండీ వాలు గుంట రాయి మీద ఉబ్బెత్తుగా తయారవుతుంది.

గాజు మీద నీళ్లు చల్లి 240 కాగితం పరిస్తే అతుక్కుంటుంది. వాలు మొత్తానికి మార్కర్ పూయండి. కత్తిని కాగితం మీద పెట్టి, వాలు ముఖం అంతా ఆనేదాకా వీపు ఎత్తండి. ఊగిసలాట లేకుండా కూర్చున్న చోటు తెలుస్తుంది, కోణం కొలవక్కర్లేదు. వేళ్లతో వాలు మీదే నొక్కి, వాదర ముందుకు వెళ్లేలా తోయండి. నాలుగైదు సార్లు తోసి చూడండి. మార్కర్ వాలు పైభాగంలోనే పోయి వాదర దగ్గర మిగిలిందా, అదే చక్రం చేసిన పొట్టి వాలు. ఆ మిగిలిన నల్ల గీత పోయేదాకా వీపు ఎత్తకుండా నూరాలి. ఇక్కడే అందరికీ ఓపిక చచ్చి కాస్త వీపు ఎత్తేస్తారు. అప్పుడు పదును వచ్చినట్టే ఉంటుంది, కానీ పొట్టి వాలు అలాగే ఉండిపోతుంది. వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తారు.

నీలం మచ్చ వాదర నుంచి ఒక మిల్లీమీటరు లోపే ఉంటే ఈ నూరుడులోనే పోతుంది. అంతకన్నా లోతుగా ఉంటే ఆ ముక్క ఎప్పుడూ తొందరగా మొద్దుబారుతుందని తెలిసి వాడుకోవడమే.

ఒక వైపు నూరుతుంటే రెండో వైపు వాదర పొడవునా సన్నని ఇనుప ముడత లేస్తుంది. బొటనవేలిని వాదర నుంచి బయటికి, అడ్డంగా జరిపితే గరుకుగా తగులుతుంది (వాదర వెంట మాత్రం జరపకండి). పిడి దగ్గర నుంచి మొన దాకా ముడత తగిలితేనే వైపు మార్చాలి. మధ్యలో ఎక్కడైనా తగలకపోతే అక్కడ రాపిడి ఇంకా వాదరను చేరలేదు. తర్వాత 400, 800, 1500. నంబరు పెరిగేకొద్దీ ఒత్తిడి తగ్గించండి. చివర తోలు బెల్టు లోపలి వైపు మీద, ఈసారి వాదర వెనక్కి ఉండేలా, వైపుకు 20 సార్లు లాగితే ముడత రాలిపోతుంది. బెల్టుకు కాస్త ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాస్తే మరీ మంచిది.

చివరగా ఒక వెసులుబాటు. మీరు వెదురు, ఎండు తుమ్మ లాంటివి చెక్కేవారైతే అంత సన్నని వాదర వంకర తిరుగుతుంది. 1500 కాగితం మీద వీపు కొద్దిగా ఎత్తి, బరువు వేయకుండా వైపుకు మూడు సార్లు లాగండి. కంటికి కనపడీ కనపడనంత చిన్న వాలు ఏర్పడి వాదరకు బలమొస్తుంది. మీదట వారానికోసారి బెల్టు మీద లాగుకుంటే కాగితాల పని చాలా అరుదుగా పడుతుంది.

ప్రశ్న: మాది సముద్రం పక్క ఊరు. కార్బన్ స్టీలు కత్తే పదునని కొన్నాను, తెల్లారేసరికి ఎర్రగా తుప్పు. స్టెయిన్‌లెస్‌కు మారిపోనా? (మచిలీపట్నం పాఠకుడు)

పడవలో, వలల దగ్గర వాడేదైతే మారిపోండి. 12సి27 లాంటి ఉక్కుతో పదునులో మీరు పోగొట్టుకునేది అంత ఎక్కువేం కాదు. స్టెయిన్‌లెస్ కూడా ఉప్పునీటిలో నిర్లక్ష్యం చేస్తే సూదిపోటు మచ్చలు పడుతుంది, మంచినీళ్లతో కడిగి తుడవాల్సిందే.

ఇంట్లో వాడుకునేదైతే ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఎర్ర తుప్పు ఇనుమును తినేస్తుంది. దాని బదులు ముందే నల్లని పొర పుట్టిస్తే తుప్పు జోరు తగ్గుతుంది. బ్లేడును గిన్నెల సబ్బుతో కడిగి, నూనె జిడ్డు లేకుండా తుడవండి. జిడ్డున్న చోట పొర పట్టక మచ్చలు మచ్చలుగా వస్తుంది. 5 శాతం వెనిగర్‌ను చెయ్యి పట్టేంత వేడి చేసి, పొడుగాటి గ్లాసులో పోసి బ్లేడు మాత్రమే 20 నిమిషాలు ముంచండి. తీసి, పైన తేలిన మసి తుడిచి మళ్లీ ముంచండి. మూడు విడతలకు ముదురు బూడిద రంగు వస్తుంది. ఆఖర్న తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాయండి. రాత్రంతా వెనిగర్‌లో వదిలేస్తే బాగా పడుతుందనుకోవద్దు, వాదర గుంటలు పడుతుంది. చింతపండు పులుసుతోనూ రంగొస్తుంది, సమంగా రాదు.

తిండి తగిలే కత్తికి కొబ్బరి నూనె, బయటి కత్తికి కుట్టుమిషన్ నూనె. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు కొన్నాళ్లకు బంకగా మారతాయి. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది, కాబట్టి సముద్రపు గాలిలో అందులో పెట్టి నెలల తరబడి వదలకండి. ప్లాస్టిక్ ఒరలో ఇసుక చేరితే తీసి పెట్టినప్పుడల్లా వాదర అరుగుతుంది. నీళ్లు పోసి కడిగి, తలకిందులుగా ఆరబెట్టండి.

ప్రశ్న: మేం కొన్న కత్తుల సెట్టు ఆర్నెల్లకే టమాటాను కోయకుండా నలుపుతోంది. మా పిన్నిగారు ఏదో థాయ్‌లాండ్ కత్తి చవకగా తెప్పించుకున్నారు, అదే బాగా తెగుతోంది. చవకదే మేలా? (తెనాలి పాఠకురాలు)

మీ పిన్నిగారి దగ్గరున్నది కివీ కత్తి అయ్యుంటుంది. వంటింటి కత్తుల్లో దానికి దక్కాల్సిన మర్యాద దక్కలేదన్నది మా అభిప్రాయం. ఉక్కు మెత్తన, చెక్క పిడి మామూలుది, కానీ బ్లేడు చాలా పల్చన. కాబట్టి కాస్త మొద్దుబారినా ఇంకా తెగుతూనే ఉంటుంది. మెత్తని ఉక్కు కనక తొందరగా పదును పోతుంది, అంతే తొందరగా వస్తుంది. పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని గరుకు అంచు ఉంటుంది చూడండి, దాని మీద వైపుకు ఐదారు సార్లు లాగితే చాలు. కోణం ఎంతంటారా, కత్తి వెడల్పులో నాలుగో వంతు ఎత్తు వీపు లేపండి. 4 సెంటీమీటర్ల వెడల్పు కత్తికి 1 సెంటీమీటరు. అది 15 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది.

తొక్క తీయడానికి, పచ్చిమిర్చి, వెల్లుల్లి లాంటి చేతిలో పట్టుకుని చేసే పనులకు విక్టోరినాక్స్ వాళ్ల 8 సెంటీమీటర్ల చిన్న కత్తి తీసుకోండి. 1884లో మొదలైన స్విట్జర్లాండ్ కంపెనీ, ఎర్ర మడత చాకుల వల్ల పేరొచ్చింది గానీ మా లెక్కలో ఈ ప్లాస్టిక్ పిడి కత్తే వాళ్ల ఉత్తమమైన సరుకు.

ఇక మీ సెట్టును తప్పుపట్టే ముందు దేని మీద కోస్తున్నారో చూసుకోండి. గ్రానైట్ గట్టు, స్టీలు పళ్లెం, గాజు పలక, ఈ మూడింటి మీదా ఎంత గొప్ప కత్తయినా వారం ఆగదు. చెక్క పీటో ప్లాస్టిక్ పలకో వాడండి. రెండు గట్టి బిళ్లల మధ్య కత్తిని లాగే పదును డబ్బాలు వాదరను నూరవు, చీల్చి తీస్తాయి. వాటినీ పక్కన పెట్టండి.

ఆవకాయ కాలంలో ఒక హెచ్చరిక: కివీతో గానీ ఆ చిన్న కత్తితో గానీ టెంకతో సహా మామిడికాయ కొట్టకండి. టెంకలో దిగిన పల్చని బ్లేడును పక్కకు తిప్పితే వాదర అర్ధచంద్రాకారంలో ఊడుతుంది. అది బరువైన కత్తో కత్తిపీటో చేయాల్సిన పని.

ప్రశ్న: మా ఊళ్లో కొలిమి ఇంకా ఉంది. లారీ కమాన్‌ కట్టతో కత్తి చేయించుకోవాలని ఉంది. ఏం అడగాలి? (జగిత్యాల జిల్లా పాఠకుడు)

మంచి ఆలోచన. కమాన్‌ కట్ట ఉక్కు దెబ్బకు తట్టుకోవడానికే చేసినది, కత్తికి చక్కగా సరిపోతుంది. విరిగి తీసేసిన కట్ట మాత్రం ఇవ్వకండి. విరిగిన చోటుకు దూరంగా కూడా కంటికి ఆనని పగుళ్లుంటాయి, ముంచినప్పుడు టప్పున చీలతాయి. పాత ఆకురాయి కూడా కొందరు వాడతారు, కానీ చవక ఆకురాళ్లలో పైపొర మాత్రమే గట్టిగా ఉండేవి ఉన్నాయి. నూరేకొద్దీ మెత్తని ఇనుము బయటపడుతుంది.

కొలిమి దగ్గర కత్తులు ఎక్కువగా పాడయ్యేది మందం దగ్గర, ముంచడం దగ్గర. మందం ముందే చెప్పండి: వీపు 3 మిల్లీమీటర్లు, పదును పెట్టక ముందు వాదర అర మిల్లీమీటరు. చెప్పకపోతే గట్టిగా ఉండాలని 6 మిల్లీమీటర్లు ఉంచేస్తారు, మొదటి ప్రశ్నలోని కత్తే తయారవుతుంది. ముంచేటప్పుడు ఎర్రగా కాలిన బ్లేడుకు అయస్కాంతం ఆనించి చూడమనండి. అంటుకోవడం మానేసిన వేడి (770 డిగ్రీల దగ్గర) దాటి ఇంకొంచెం కాల్చి, నూనెలో ముంచాలి. నీళ్లలో ముంచితే ఈ రకం ఉక్కు సన్నని చోట చీలే ప్రమాదం ఎక్కువ. నూనెను ముందు చెయ్యి పట్టేంత వేడి చేసి ఉంచితే పల్చగా మారి ఉక్కును తొందరగా చల్లారుస్తుంది. మూతున్న ఇనుప డబ్బా వాడండి, మంట లేస్తే మూసేయవచ్చు.

ముంచిన వెంటనే కొత్త ఆకురాయి పెట్టి రాస్తే జారిపోవాలి. పట్టిందంటే వేడి చాలలేదు, మళ్లీ ముంచాలి. జారితే గాజులా పెళుసుగా ఉందన్నమాట. అదే రోజు ఇంట్లో కేకుల ఓవెన్‌లో 200–220 డిగ్రీల మీద గంట ఉంచి, చల్లార్చి, ఇంకో గంట ఉంచండి. శుభ్రం చేసిన ఉక్కు మీద ఎండుగడ్డి రంగు వస్తుంది. చాలా చోట్ల ఈ పని కొలిమి మంటలో కంటి అంచనాతో చేసేస్తారు. చెయ్యి తిరిగిన కమ్మరికి కుదురుతుంది, లేదంటే వాదర మెత్తబడుతుంది.

పదును పెట్టాక ఇత్తడి కడ్డీ మీద వాదరను 15 డిగ్రీల వాలులో ఆనించి నొక్కండి. వాదర కొద్దిగా వంగి వెనక్కి వస్తే కుదిరింది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చులూడితే పెళుసు. పెళుసైతే ఇంకో 20 డిగ్రీలు పెంచి ఓవెన్‌లో పెట్టండి. మెత్తనైతే కొలిమికే మళ్లీ వెళ్లాలి.

ప్రశ్న: ఇక్కడ టెక్సస్‌లో ఓల్డ్ హికరీ అనే చెక్క పిడి కత్తి చాలా తక్కువకు కొన్నాం. పెట్టెలోంచి తీస్తే వెన్న కూడా తెగలేదు. మోసపోయామా? (డల్లాస్ పాఠకురాలు)

లేదండి, సగం పని మీకు వదిలేసి అమ్ముతారు, అంతే. బ్లేడు 1095 ఉక్కు, 0.95 శాతం కార్బన్. పిడి హికరీ చెక్క, ఇత్తడి రివెట్లు. ఆ ఉక్కుకు పదును ఎంత తేలిగ్గా పడుతుందో చూస్తే ధర నమ్మబుద్ధి కాదు.

300 లేదా 400 నంబరు రాయి మీద వైపుకు 15–18 డిగ్రీల కోణంలో కొత్త వాలు పెట్టండి. ఫ్యాక్టరీ వాలు చాలా మొండిగా ఉంటుంది కాబట్టి మొదటిసారి అరగంట పట్టినా కంగారుపడకండి. తర్వాత 1000 రాయి చాలు. పిడి అంచులు చేతికి కోసుకుంటున్నట్టు ఉంటే 120, 220 ఎమ్రీతో గుండ్రంగా రుద్ది, అవిసె నూనె పట్టించండి: పూసి, 20 నిమిషాలాగి మిగిలింది తుడిచేయాలి, రోజుకోసారి చొప్పున మూడు రోజులు. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పారేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. విడివిడిగా బయట పరిచి ఆరాకే పారేయాలి. బ్లేడుకూ చెక్కకూ మధ్య సందు కనిపిస్తే కరిగించిన తేనెమైనం నింపండి, నీళ్లు దూరవు. డిష్‌వాషర్‌లో మాత్రం ఒక్కసారి కూడా వేయొద్దు.

ప్రశ్న: ఇలాంటి కత్తి బ్యాగులో పెట్టుకుని నల్లమల వైపు వెళ్తే ఇబ్బందా? (హైదరాబాద్ పాఠకుడు)

ఇబ్బందే. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, పారిశ్రామిక పనుల కోసం చేసినవాటికి మినహాయింపు. ఈ శీర్షికలో చెప్పిన చిన్న కత్తులు ఆ కొలతలోపే. అడవి సంగతి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 31 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదు, ఆ చట్టం ఇచ్చిన ఆయుధాల నిర్వచనంలో కత్తులూ ఉన్నాయి. అక్కడ బ్లేడు పొడవు లెక్కలేం లేవు. అమ్రాబాద్, శ్రీశైలం పులుల అభయారణ్యాల వైపు వెళ్లేటప్పుడు కత్తి ఇంట్లోనే వదిలేయండి. విమానంలో అయితే ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, చెక్-ఇన్ సామానులో మాత్రమే వేయండి.